వణుకుతూనే షాపులోకి వెళ్లిన టీచర్: డి.ఎల్. మూడీ గారి జీవితం వెనుక కథ



ఈ వారం వీడియోలో డి.ఎల్. మూడీ గారి జీవితం చూశారు కదా. అందులో ఆయన పెట్టిన పెద్ద పెద్ద సభల గురించే ఎక్కువ చెప్పాం. నా మనసును గట్టిగా పట్టుకున్న సంగతి మాత్రం అర నిమిషంలో అయిపోయింది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. అది మూడీ గారి ధైర్యం గురించి కాదు. ఆయనకు సువార్త చెప్పిన ఒక భయస్థుడి గురించి.

ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చర్చిలో మైక్ చేతికిస్తే సాక్ష్యం చెప్పడానికి నాకు భయం లేదు. యూత్ మీటింగ్‌లో వాక్యం కూడా చెప్తాను. కానీ ఆఫీసులో రెండేళ్లుగా నా పక్క సీట్లో కూర్చుంటున్న అన్నకు నేను యేసు ప్రభువును నమ్ముకున్నానని తెలియదు. నా పేరు చూసి తెలుసుకునే వీలు కూడా లేదు. ఒక ఆదివారం ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడిగితే నిద్రపోయానని చెప్పాను. నిజానికి ఆ టైంలో నేను ఆరాధనలో ఉన్నాను.

తర్వాత వాళ్ల నాన్నగారికి కిడ్నీలు పాడయ్యాయి. ఏ దేవుడికి మొక్కాలో అర్థం కావట్లేదు తమ్ముడూ అని ఆ అన్న టీ కప్పు పట్టుకుని అన్నప్పుడు కూడా, అంతా సర్దుకుంటుంది అన్నా అని చెప్పి నా సీటుకు వచ్చేశాను. ఆ రాత్రి మోకరించాను కానీ ప్రార్థన రాలేదు. ఆ వారమే మూడీ గారి వీడియోకు స్క్రిప్ట్ రాసే పని నాకు వచ్చింది.

అప్పుల ఇంట్లో పుట్టిన బిడ్డ

డ్వైట్ లైమన్ మూడీ 1837 ఫిబ్రవరి 5న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, నార్త్‌ఫీల్డ్ అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి ఎడ్విన్ తాపీ మేస్త్రి. డ్వైట్‌కు నాలుగేళ్లు ఉన్నప్పుడు, 1841లో, ఆయన ఒక్కసారిగా చనిపోయాడు. అప్పటికి తల్లి బెట్సీ గర్భవతి. నెల తిరిగేసరికి కవలలు పుట్టారు. మొత్తం తొమ్మిది మంది పిల్లలు. అప్పులవాళ్లు వచ్చి ఇంట్లో ఉన్నదంతా పట్టుకుపోయారు. ఆఖరికి పొయ్యిలోకి పెట్టుకున్న కట్టెలు కూడా మిగల్లేదు.

అలాంటి ఇంట్లో పిల్లలు ఎంత చదువుతారు? కొన్నేళ్లు బడికి వెళ్లి డ్వైట్ మానేశాడు. అక్షర దోషాలు లేకుండా ఉత్తరం రాయడం ఆయనకు జీవితాంతం రాలేదు. మాట్లాడితే వ్యాకరణం ఉండేది కాదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం అవుతుంది.

పదిహేడేళ్లకు, 1854లో, పని వెతుక్కుంటూ బోస్టన్ నగరానికి వెళ్లాడు. అక్కడ మేనమామ శామ్యూల్ హోల్టన్‌కు బూట్ల షాపు ఉంది. ఆయన పని ఇచ్చాడు గానీ కొన్ని షరతులు పెట్టాడు. వాటిలో ఒకటి ఆదివారం తప్పకుండా చర్చికి, సండే స్కూల్‌కు వెళ్లాలని. అబ్బాయికి భక్తి ఏమీ లేదు. పని కోసం ఒప్పుకున్నాడు, అంతే.

బైబిల్ తెరవడం రాని విద్యార్థి

మౌంట్ వెర్నన్ చర్చిలో అతన్ని ఎడ్వర్డ్ కింబల్ అనే టీచర్ క్లాసులో కూర్చోబెట్టారు. ఆ రోజు పాఠం యోహాను సువార్త నుండి. మూడీ చేతికి ఒక బైబిల్ ఇచ్చారు. అతను మొదటి పేజీలు తిప్పుతూ యోహాను కోసం ఆదికాండంలో వెతుకుతున్నాడు. పక్కనున్న కుర్రాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని ముసిముసిగా నవ్వుకున్నారు.

కింబల్ గారు అది గమనించారు. ఏమీ అనలేదు. యోహాను సువార్త తెరిచి ఉన్న తన సొంత బైబిల్‌ను మెల్లగా ఆ అబ్బాయి చేతిలో పెట్టి, అతని దగ్గరున్నది తాను తీసుకున్నారు.

నాకు ఈ చిన్న పని చాలా పెద్దదిగా కనబడింది. ఎందుకంటే కింబల్ గారు ఆ అబ్బాయికి రక్షణ గురించి నోరు తెరిచి అడగడానికి నెలల ముందే, అతని పరువు కాపాడారు. నలుగురిలో నవ్వులపాలు కాకుండా చూసినవాడి మాట ఎవరికైనా వినబుద్ధి అవుతుంది కదా.

షాపు దాటి వెళ్లిపోయాడు

1855 ఏప్రిల్ 21, శనివారం. మూడీతో క్రీస్తును గురించి, అతని ఆత్మను గురించి ఈరోజు మాట్లాడాలని కింబల్ గారు నిశ్చయించుకున్నారు. షాపు వైపు నడిచారు. దగ్గరికి వచ్చేకొద్దీ ఆయన బుర్రలో ప్రశ్నలు మొదలయ్యాయి. ఇది వ్యాపారం జరిగే టైం కదా, ఇప్పుడు వెళ్లొచ్చా? అబ్బాయి ఇబ్బంది పడతాడేమో. తను వెళ్లిపోయాక, ఆ టీచర్ నిన్ను మంచివాడిని చెయ్యడానికి వచ్చాడా అని తోటి పనివాళ్లు ఆటపట్టిస్తారేమో.

ఈ ప్రశ్నలు చూస్తే మీకేమనిపించింది? ఒక్కటీ చెడ్డ ప్రశ్న కాదు. అన్నీ మర్యాద గల ప్రశ్నలే. నా ప్రశ్నలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. ఆఫీసులో ఇలాంటివి మాట్లాడొచ్చా? ఆయన నొచ్చుకుంటాడేమో. టీంలో నా గురించి ఏమనుకుంటారో. భయం ఎప్పుడూ భయంలా రాదండీ, మర్యాద చొక్కా తొడుక్కుని వస్తుంది.

ఇలా ఆలోచిస్తూ ఆలోచిస్తూ కింబల్ గారు షాపు దాటి ముందుకు వెళ్లిపోయారు. వెళ్లిపోయానని తెలిసేసరికి, ఇక ఆలస్యం చేయకుండా ఒక్క ఉదుటున వెనక్కి తిరిగి లోపలికి దూరారు. మూడీ షాపు వెనక భాగంలో బూట్లను కాగితాల్లో చుడుతున్నాడు. కింబల్ గారు వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశారు. క్రీస్తు అతన్ని ప్రేమిస్తున్నాడని, బదులుగా అతని ప్రేమను కోరుతున్నాడని చెప్పారు. అంతే. సరిగ్గా ఏ మాటలు వాడారో తర్వాత ఆయనకే గుర్తులేదు. తాను చెప్పినదాంట్లో బలం ఏమీ లేదని కూడా ఆయనే ఒప్పుకున్నారు.

కానీ అబ్బాయి సిద్ధంగా ఉన్నాడు. ఆ షాపు వెనక గదిలోనే తన్ను తాను ప్రభువుకు ఇచ్చుకున్నాడు. మర్నాడు బయటికి వచ్చినప్పుడు ఎండ కూడా కొత్తగా కనిపించిందని, పక్షుల పాట మీద కూడా ప్రేమ పుట్టిందని ఆయన తర్వాత చాలా సభల్లో చెప్పుకున్నారు.

మన వాళ్లు సాక్ష్యాల్లో ఇక్కడే ఆపేస్తారు. కానీ ఆ తర్వాతి నెల జరిగింది కూడా చెప్పుకోవాలి. సంఘంలో సభ్యత్వం కోసం మూడీ పెద్దల ముందుకు వెళ్తే, క్రీస్తు నీ కోసం ఏం చేశాడని వాళ్లు అడిగారు. అతను సరైన జవాబు చెప్పలేకపోయాడు. పెద్దలు సభ్యత్వం ఆపేశారు. ఏడాది పాటు నేర్పించి 1856లో చేర్చుకున్నారు. ఆ పెద్దల్లో కింబల్ గారు కూడా ఉన్నారు! ఈ కుర్రాడు ముందు ముందు దేవుని పనిలో వాడబడతాడని ఆయనకు కూడా అప్పుడు అనిపించలేదు.

భయం లేదు, కానీ...

1856లోనే మూడీ షికాగో వెళ్లిపోయాడు. అక్కడా బూట్ల వ్యాపారమే. లక్ష డాలర్లు కూడబెట్టాలన్నది ఆశ. దానితోపాటు ఇంకో పిచ్చి పట్టింది. ఆ రోజుల్లో చర్చిలో బల్లలకు అద్దె కట్టేవారు. ఇతను నాలుగు బల్లలు అద్దెకు తీసుకుని, రోడ్డు మీద కనబడిన యువకులందరినీ పిలుచుకొచ్చి నింపేవాడు. ఒక సండే స్కూల్‌కు వెళ్లి పాఠం చెప్తానంటే, మా దగ్గర టీచర్లు చాలినంతమంది ఉన్నారు, నీ పిల్లల్ని నువ్వే తెచ్చుకో అన్నారు. తర్వాతి ఆదివారం చిరిగిన బట్టల్లో, చెప్పుల్లేని 18 మంది వీధి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పని పెరిగి పెరిగి వందలాది పిల్లల సండే స్కూల్ అయింది. 1860లో, అధ్యక్షుడిగా ఎన్నికైన అబ్రహాం లింకన్ కూడా దాన్ని చూడటానికి వచ్చారు.

మూడీకి భయం తెలియదు. అలాగని ఆయనకు అన్నీ తెలుసని కాదు. ప్రార్థన కూటంలో మాట్లాడితే, నీ భాష బాలేదు, నువ్వు నోరు మూసుకుని కూర్చుంటేనే దేవుని సేవ అని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు. రోజుకు కనీసం ఒక్కరితోనైనా ప్రభువు గురించి మాట్లాడకుండా పడుకోకూడదని మూడీ తీర్మానం చేసుకున్నాడు. ఒక రాత్రి ఆ మాట గుర్తొచ్చి, వీధి దీపం స్తంభానికి ఆనుకుని నిలబడ్డ ఒకాయన్ని నువ్వు క్రైస్తవుడివేనా అని అడిగేశాడు. ఆయన మండిపడ్డాడు. ఇలాంటివాళ్ల వల్ల మేలుకంటే కీడే ఎక్కువని మూడీ స్నేహితుడికి ఫిర్యాదు చేశాడు. కొన్ని వారాల తర్వాత అదే మనిషి రాత్రిపూట వచ్చి, ఆనాటి నుంచి నాకు శాంతి లేదు, ఏం చెయ్యాలో చెప్పు అని మూడీని అడిగాడు. దేవుడు మన మొరటుతనాన్ని కూడా వాడుకుంటాడు. అయితే షికాగోలో ఆయనకు పిచ్చి మూడీ అని పేరు పడింది కూడా ఆ రోజుల్లోనే.

ఆయన్ని మార్చినవి మూడు సంఘటనలు.

మొదటిది 1860లో. ఆయన సండే స్కూల్‌లో అమ్మాయిల క్లాసు చెప్పే ఒక టీచర్‌కు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఇక బతకనని తెలిసి సొంత ఊరికి బయలుదేరుతూ మూడీ దగ్గరికి వచ్చాడు. అతని బాధ చావు గురించి కాదు. తన క్లాసులో ఒక్క అమ్మాయి కూడా ప్రభువును తెలుసుకోలేదని. మూడీ అతన్ని బండి ఎక్కించుకుని ఒక్కొక్క ఇంటికీ తీసుకెళ్లాడు. నిలబడలేని స్థితిలో ఉన్న ఆ టీచర్ ఒక్కొక్కరితో పేరుపేరునా మాట్లాడి, ఏడ్చి ప్రార్థించాడు. పది రోజుల్లో ఆ క్లాసు అంతా ప్రభువు దగ్గరికి వచ్చింది. అది కళ్లారా చూశాక మూడీకి లక్ష డాలర్ల ఆశ చచ్చిపోయింది. వ్యాపారం వదిలి పూర్తికాల పరిచర్యలోకి వచ్చేశాడు.

రెండవది హెన్రీ మూర్‌హౌస్ అనే కుర్ర బోధకుడి రాక. మూడీ 1867లో బ్రిటన్ వెళ్లినప్పుడు పరిచయమైన ఈ యువకుడు, తర్వాత షికాగో వచ్చి వరుసగా ఏడు రోజులు యోహాను 3:16 మీదే మాట్లాడాడు. అప్పటివరకు పాపుల వెనకాల దేవుడు కత్తి పట్టుకుని వస్తున్నట్టు బోధించే మూడీ, దేవుడు ప్రేమతో వెంటపడుతున్నాడని ఆ వారం అర్థం చేసుకున్నాడు. కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. కింబల్ గారు బూట్ల షాపులో తడబడుతూ చెప్పిన మాట కూడా అదే కదా! అది పూర్తిగా లోపలికి దిగడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది.

మూడవది 1871 అక్టోబర్ 8, ఆదివారం రాత్రి. నిండిన హాలులో ప్రసంగం ముగిస్తూ, యేసును ఏం చేసుకుంటారో ఈ వారమంతా ఇంట్లో ఆలోచించి వచ్చే ఆదివారం చెప్పండి అని పంపించాడు. సభ ముగిసేటప్పటికే బయట అగ్నిమాపక గంటలు మోగుతున్నాయి. ఆ రాత్రి షికాగో తగలబడిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, లక్షమంది ఇళ్లు కోల్పోయారు. మూడీ ఇల్లు, చర్చి, ఆ హాలు అన్నీ బూడిదయ్యాయి. ఆనాటి జనాన్ని ఆయన మళ్లీ ఎన్నడూ ఒకచోట చూడలేదు. వారం గడువు ఇచ్చినందుకు జీవితాంతం బాధపడ్డారు.

భాష రానివాడు కేంబ్రిడ్జ్‌లో

1873 జూన్‌లో మూడీ, పాటలు పాడే ఐరా శాంకీతో కలిసి ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో దిగారు. దిగగానే తెలిసింది, తమను పిలిచి ఖర్చులు చూసుకుంటామన్న ఇద్దరు పెద్దలు చనిపోయారని. ఇద్దరూ యార్క్ పట్టణంలో చిన్నగా మొదలుపెట్టారు. అక్కడి నుంచి ఎడిన్‌బరో, గ్లాస్గో, చివరికి 1875లో లండన్‌లో నెలల తరబడి సభలు జరిగాయి. వేలకు వేల మంది విన్నారు.

1882లో ఆయన కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడి విద్యార్థులు ఆయన ఉచ్చారణను ఎగతాళి చేశారు. దానియేలు పేరును ఆయన పలికే తీరుకు పగలబడి నవ్వారు. ఆయన కోప్పడలేదు, భాష మార్చుకుని నటించలేదు. ఎగతాళి చేసినవాళ్లలో ఒకడు మర్నాడు వచ్చి క్షమాపణ అడిగాడు. వారం ముగిసేసరికి వాతావరణమే మారిపోయింది. తెలుగు మీడియంలో చదివి, ఆఫీసులో ఇంగ్లిష్‌లో నోరు తెరవడానికి జంకే మనలాంటివాళ్లకు ఈ వారం చాలా ధైర్యం ఇస్తుంది.

అంతకుముందే నార్త్‌ఫీల్డ్‌లో పేద ఆడపిల్లలకు 1879లో, ఆ దగ్గర్లోనే మగపిల్లలకు 1881లో బడులు పెట్టారు. తనకు దొరకని చదువు వాళ్లకు దొరకాలని. షికాగోలో బైబిల్ విద్యాలయం స్థాపించారు. 1899 నవంబర్‌లో కాన్సాస్ సిటీ సభల్లో జబ్బుపడి, డిసెంబర్ 22న నార్త్‌ఫీల్డ్‌లో ప్రభువు సన్నిధికి వెళ్లారు. 62 ఏళ్లు.

వాట్సాప్ గొలుసు గురించి ఒక మాట

కింబల్ మూడీకి చెప్పాడు, మూడీ ఇంకొకరికి, ఆ ఇంకొకరు బిల్లీ సండేకి, అలా చివరికి బిల్లీ గ్రాహం దాకా అని ఒక ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులో కొన్ని లంకెలకు గట్టి ఆధారం లేదు. బిల్లీ సండే మారుమనస్సు పొందింది షికాగోలోని పసిఫిక్ గార్డెన్ మిషన్ వాళ్ల ద్వారా. అందుకే వీడియోలో ఆ గొలుసు పెట్టలేదు. నిజమే చాలినంత గొప్పగా ఉన్నప్పుడు దానికి అతుకులు ఎందుకు?

దానికంటే నాకు ఇష్టమైన నిజం ఇంకొకటి ఉంది. ఏళ్లు గడిచాక వూస్టర్ అనే ఊళ్లో మూడీ సభలు పెట్టినప్పుడు ఒక కుర్రాడు వచ్చి కలిశాడు. కింబల్ గారి కొడుకు. వయసు పదిహేడు. మీ నాన్న నా భుజం మీద చెయ్యి వేసినప్పుడు నా వయసూ ఇంచుమించు ఇంతే అని చెప్పి, మూడీ ఆ అబ్బాయిని ప్రభువు దగ్గరికి నడిపించారు. ఆనాడు కింబల్ గారు షాపు దాటి అలాగే వెళ్లిపోయి ఉంటే?

నేను నేర్చుకున్నది

ధైర్యం వచ్చాక చెప్తానని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. కింబల్ గారికి షాపులోకి వెళ్లేముందు ధైర్యం రాలేదు. లోపలికి వెళ్లాక కూడా వచ్చినట్టు లేదు. ఆయన దగ్గర ఉన్నది ఆ అబ్బాయి మీద ప్రేమ ఒక్కటే. భయం పోలేదు, ప్రేమ దానికంటే రెండడుగులు ముందు నడిచింది. 2 తిమోతి మొదటి అధ్యాయం చదివి చూడండి. పౌలు గారు పిరికితనానికి ఎదురుగా శక్తితో పాటు ప్రేమను కూడా ఎందుకు నిలబెట్టారో అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో, మన ఆఫీసుల్లో, ఎదుటివాడి కష్టం చూసి దాన్ని అవకాశంగా వాడుకోవడం సాక్ష్యం కాదు. కింబల్ గారు వాదించలేదు, బెదిరించలేదు, ఏదీ ఆశ చూపలేదు. చెప్పి, మిగతాది దేవునికీ ఆ అబ్బాయికీ వదిలేశారు. మనసు మార్చడం మన పని కాదు. దాచకుండా ఉండటం మన పని.

స్క్రిప్ట్ పూర్తయిన మర్నాడు నేను ఆ అన్నను టీకి పిలిచాను. బడ్డీ కొట్టు దగ్గరికి వెళ్లేదాకా నోరు పెగల్లేదు. ఒకసారి క్రికెట్ మాట ఎత్తాను కూడా. అంటే నేనూ షాపు దాటి వెళ్లిపోయానన్నమాట. తర్వాత చెప్పేశాను. నేను యేసు ప్రభువును నమ్ముకున్నాను అన్నా, ఆదివారం నిద్రపోయానని అబద్ధం చెప్పాను, మీ నాన్నగారి కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను, ఆయన మిమ్మల్ని ప్రేమిస్తున్నాడని నా నమ్మకం. ఇంతే. గొంతు వణికింది.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. ఇందులో దాచడానికి ఏముంది తమ్ముడూ, రెండేళ్లు పక్కనే కూర్చున్నాం కదా అన్నాడు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. తర్వాత అరగంట సేపు వాళ్ల నాన్నగారి గురించి చెప్పాడు, నేను విన్నాను. ఆయన ప్రభువును నమ్ముకున్నాడా అంటే, లేదు. నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. డయాలసిస్ ఉన్న రోజు పొద్దున్నే నాకు ఒక మెసేజ్ వస్తుంది, ఈరోజు కూడా గుర్తుంచుకో తమ్ముడూ అని. నేను గుర్తుంచుకుంటున్నాను.

మీకు కూడా ఎవరో ఒకరి పేరు ఇప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. ఆ పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు, ముందు ప్రభువుతో చెప్పండి. ఇప్పటికే షాపు దాటి వెళ్లిపోయి ఉంటే కంగారుపడకండి. కింబల్ గారు కూడా దాటి వెళ్లారు. వెనక్కి తిరిగారు.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, మేము దాచిపెట్టిన రోజులను క్షమించు. మాకు ఎదురయ్యే ఆ ఒక్క మనిషి మీద నీ ప్రేమ మాలో నింపు. మా మాటలు బలహీనమైనా, మా గొంతు వణికినా, నీ పని నువ్వు చెయ్యి. యేసు నామంలో వేడుకుంటున్నాం తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. వచ్చే వారం మరో భక్తుని జీవితంతో కలుద్దాం.